బెంగ తీరినాక

కెమెరా ఎదురుగా కూర్చోగానే ఖాదర్‌బీ గొంతు మూతబడిపోయింది. అంతవరకూ పొయ్యి దగ్గర కూర్చుని కువైట్‌లో తను పనిచేసిన ఇంటి గురించి గలగలా చెప్పిన మనిషే. హేమలత రికార్డు బటన్ నొక్కిన మరుక్షణం కొంగు తలమీదికి లాక్కుని, "అంతా బాగనే చూసుకున్న్యారు పాపా" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. ఆపైన ఎంత అడిగినా నవ్వే తప్ప మాట లేదు.

హేమలత తిరుపతిలో జర్నలిజం ఆఖరి సంవత్సరం చదువుతోంది. పరీక్షలకు ముందు ప్రతి విద్యార్థీ ఒక డాక్యుమెంటరీ తీసి చూపించాలి. రాయచోటి చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్ పోయి, ఇళ్ళల్లో పనిచేసి తిరిగొచ్చిన ఆడవాళ్ళ మీద తీస్తానని ఆమె చెప్పింది. పేరు కూడా ముందే పెట్టేసుకుంది, 'పోయొచ్చినోళ్ళు' అని.

వాళ్ళను జంకు లేకుండా మాట్లాడించడం ఎట్లాగని చాలా ఆలోచించింది. కుర్చీలు వద్దు, ఎవరి గడప మీద వాళ్ళే కూర్చోవాలి. లైట్లు వద్దు. చేతిలో ఏదో ఒక పని ఉంటే మనిషికి బెరుకు తగ్గుతుంది కనక చింతపండు గింజలు తీస్తూనో, చెనిక్కాయలు ఒలుస్తూనో మాట్లాడించాలి. మొదట కష్టాలు అడగకూడదు, అక్కడ నేర్చుకున్న వంట అడగాలి. ఇవన్నీ పాటించింది. వంట గురించి బాగానే చెప్పారు. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ ఒకే చోట ఆగిపోయారు.

అందరికన్నా ముందే ఆగిపోయిన మనిషి ఆమె ఇంట్లోనే ఉంది. అమ్మ, రెడ్డెమ్మ.

హేమలతకు ఐదేళ్ళప్పుడు తండ్రి జ్వరంతో పోయాడు. అదే ఏడు రెడ్డెమ్మ కువైట్ విమానం ఎక్కింది. హేమలతను పెంచింది జేజి, తండ్రి తల్లి. పదోతరగతి పరీక్షలయ్యాక అమ్మ తిరిగొచ్చింది. వచ్చిన మనిషి నెమ్మదిగా మాట్లాడేది, తక్కువ తినేది, గిన్నెలు తోముతూ తోముతూ చేతులు నీళ్ళలోనే ఉంచి ఎటో చూస్తూ ఉండిపోయేది. అక్కడ ఆమె ఒక అరబ్బు పిల్లవాణ్ణి పుట్టినప్పటి నుంచీ పెంచిందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పిల్లవాడి మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. కానీ అమ్మ అట్లా ఆగిపోయిన ప్రతిసారీ ఆమె ఎవరి దగ్గరికి పోయిందో హేమలతకు తెలిసేది. ఒళ్ళు మండేది.

హేమలత ఇబ్బంది విని వాళ్ళ మాస్టారు, "పక్క బిల్డింగులో ఇందుమతి మేడం ఉంది, గొంతులో మాట ఆగిపోవడం మీదే పరిశోధన చేస్తోంది, ఒకసారి కలువు" అన్నాడు.

ప్రొఫెసర్ ఇందుమతి యాభై దాటిన మనిషి. తన ప్రయోగశాలలో రెండు వేళ్ళ వెడల్పున్న మెత్తటి పట్టీ ఒకటి తీసి హేమలత మెడకు చుట్టింది.

"నోటిదాకా వచ్చి ఆగిపోయే మాట ఒకటి ఉంటుంది కదా నీకు. అది చెప్పు."

హేమలత నోరు తెరిచింది. గొంతు బిగుసుకోబోయింది. వెంటనే పట్టీ కింద సన్నటి వెచ్చదనం పాకింది, చలిలో ఎవరో అరచెయ్యి ఆనించినట్టు. బిగువు సడలింది.

"మా అమ్మకు నాకన్నా ఆ కువైట్ పిల్లోడంటేనే ఇష్టం."

మాట అంత సులువుగా బయటికి వచ్చినందుకు హేమలత తనే బిత్తరపోయింది. ఇంకా చెప్పబోతుంటే ఇందుమతి చప్పున పట్టీ విప్పేసింది.

"చాలు. దీంతో ఏదీ మొత్తం చెప్పకూడదు. కొంచెం చెప్పాక తీసేయాలి, మళ్ళీ మరో రోజు. దీని సంగతి మాకే ఇంకా పూర్తిగా తెలియదు. గుర్తుంటుందా?"

"ఉంటుంది మేడం."

ఆ శనివారమే హేమలత పట్టీ తీసుకుని ఊరికి పోయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వసారాలో చాప పరిచి, చెనిక్కాయల గంప మధ్యలో పెట్టి, కెమెరాను తులసికోట పక్కన దూరంగా నిలబెట్టింది.

"నా దగ్గరేముందే చెప్పేదానికి? అంతా నీకు తెల్సిందే కదా" అంది రెడ్డెమ్మ.

"నాకేమీ తెలీదు మా. నువ్వెప్పుడు చెప్పినావని?"

రెడ్డెమ్మ కూతురి చేతిలోని పట్టీనీ, మొహాన్నీ ఒక నిమిషం చూసి, మెడ ముందుకు చాపింది. పట్టీ కట్టాక తడుముకుని నవ్వింది. "దూడకు పలుపేసినట్లుండాదే."

హేమలత వంటతోనే మొదలుపెట్టింది. ఏలక్కాయలు దంచి వేసే అన్నం, ఎండు నిమ్మకాయల పులుసు. ఆ ఇల్లెట్లా ఉండేది? ఎవరెవరుండేవాళ్ళు? రెడ్డెమ్మ చెప్తూ చెప్తూ ఒకచోట ఆగింది. గొంతు ఒకసారి కదిలింది. పట్టీ వెచ్చబడినట్టుంది. ఆమె భుజాలు దిగాయి.

"నేను పోయిన ఏడాదికి పుట్న్యాడు వాడు. వాళ్ళమ్మకు ఒంట్లో బాగలేక పసిగుడ్డును తెచ్చి నా చేతుల్లో పెట్న్యారు. బదర్ అని వాని పేరు. నాకు నోరు తిరక్క బద్రీ అనేదాన్ని. రోంతకాలానికి ఇంట్లో అందురూ అట్లే పిలిచినారు. వానికి మొదట వచ్చిన మాట అరబ్బీ గాదు, తెల్సా? 'బువ్వ'."

హేమలత చెనిక్కాయలు ఒలవడం ఆపేసింది.

"వాన్ని పండుకోబెట్టేటప్పుడు కండ్లు మూసుకునేదాన్ని. కండ్లు మూసుకుంటే నా పక్కనుండేది నువ్వే. వాడు ఏడిస్తే నువ్వేడ్చినట్లే ఇనిపించేది. వానికి పన్ను ఊడితే నీకు ఊడిందో లేదో అనుకునేదాన్ని. పోనుపోను ఎవురి ఏడుపు ఎవురిదో నాకే తెలీకుండా పాయ. ఈడికొచ్చినాక నిన్ను జూస్తే వాడు గుర్తొచ్చినాడు. నువ్వు ఎదురుగా ఉన్న్యా నీమింద బెంగ పోలా. రెండూ కలిసిపోయినాయి పాపా, పాలల్లో నీళ్ళు కలిసినట్ల."

హేమలత ఈ మాటలు ఎప్పుడూ వినలేదు. పదకొండేళ్ళు తను జేజి పక్కన పడుకుని అమ్మను తలుచుకుంటుంటే, అక్కడ అమ్మ కూడా తనను తలుచుకునేదని ఎవరూ చెప్పలేదు. ఇంకా కావాలనిపించింది. ఇందుమతి హెచ్చరిక గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. ఇంకొక్క ప్రశ్న అడిగి తీసేద్దామనుకుంది. ఒక ప్రశ్న అయ్యాక మరొకటి అడిగింది.

"నిన్ను ఇడిసిపెట్టి పోయేనాడు సంతకు పోయొస్తానని చెప్పినా. వాన్ని ఇడిసిపెట్టి వచ్చేనాడు వారంలో వస్తానని చెప్పినా. వాడు నా సంచి పట్టుకోని ఇడవలా. డ్రైవరు మస్తాను వాని వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసినాడు. కారు గేటు దాటినాక గూడా ఎనక్కి జూడలా నేను. జూస్తే దిగిపోతానని."

ఇంత చెప్తున్నా ఆమె కళ్ళు తడవలేదు. పొరుగూరి పెళ్ళి ముచ్చట చెప్తున్నంత నిమ్మళంగా చెప్పింది. మేకలు ఇంటికి మళ్ళే వేళకు చెప్పాల్సిందంతా అయిపోయింది. పట్టీ విప్పుతుంటే రెడ్డెమ్మ మెడ అటూ ఇటూ తిప్పి, "అబ్బ, నెత్తిన కట్టెలమోపు దించినట్లుండాది" అంది. ఆ పూట కడుపునిండా తింది. పడుకున్న వెంటనే నిద్రపోయింది.

హేమలత చాలా సంతోషపడింది. తిరుపతిలో ఆ రికార్డింగు చూసి మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాలుగేళ్ళలో ఇట్లాంటిది ఏ విద్యార్థీ తేలేదన్నాడు. పక్కింటి అక్క ఫోన్ చేసి, "మీయమ్మ ఇప్పుడు మాతో కూర్చోని నవ్వుతాంది మే, ఏం మందిచ్చినావు?" అని అడిగింది.

పనిలో పడి హేమలత గమనించలేదు. ప్రతి సాయంత్రం మెస్సుకు పోయే వేళకు అమ్మ దగ్గర నుంచి ఫోన్ వచ్చేది. తిన్నావా, ఏం కూర, చున్నీ కప్పుకుని తిరుగు, మంచు పడుతోంది. స్నేహితురాళ్ళు నవ్వుతుంటే హేమలత విసుక్కుంటూ పెట్టేసేది. ఆ ఫోన్ రావడం ఆగిపోయింది. మొదట పనుందేమో అనుకుంది. తర్వాత జ్వరం వచ్చింది. రెండోనాడు లేవలేక తనే ఫోన్ చేసింది.

"జొరమా? మాత్ర ఏసుకోని పండుకో" అంది రెడ్డెమ్మ. గొంతులో కోపం లేదు, కంగారూ లేదు. "ఇంకేమన్నా ఉండాదా?"

"ఏం లేదు మా."

"సరే అయితే."

హేమలత ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని చాలాసేపు అట్లాగే పడుకుంది.

జ్వరం తగ్గాక ఊరికి పోయింది. రెడ్డెమ్మ అన్నం వండి పెట్టింది, తలకు నూనె రాసింది, ఏది అడిగితే అది చేసింది. హేమలత మాట్లాడుతుంటే వింది. బస్సు వేళయ్యాక "పోయొస్తా మా" అంటే "ఊఁ, పోయిరా" అని లోపలికి వెళ్ళిపోయింది. వీధి మలుపులో హేమలత వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. ఆమె మలుపు దగ్గరే నిలబడిపోయింది. అవతల బస్సు హారన్ కొడుతున్నా కాలు కదల్లేదు. అమ్మ ఏదన్నా పనిమీద బయటికి వస్తే చాలనుకుంది. రాలేదు.

తిన్నగా ఇందుమతి దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పింది. ఇందుమతి ఆమెను కేకలేయలేదు. కుర్చీలో వెనక్కి వాలింది.

"ఒక జ్ఞాపకం పైకి వచ్చినప్పుడల్లా ఒళ్ళు దాన్ని పట్టుకుంటుంది. గొంతులో అడ్డం పడేది ఆ బిగువే. మన పట్టీ దాన్ని వదిలిస్తుంది. ఆ జ్ఞాపకం మళ్ళీ లోపలికి పోయేటప్పుడు వదులుగానే పోయి కూర్చుంటుంది. కొంచెం చెబితే కొంచెం, మొత్తం చెబితే మొత్తం. మీ అమ్మ ఇద్దర్నీ కలిపి చెప్పేసింది."

"మీకు ముందే తెలుసా మేడం?"

"తెలుసు. మంచిదేగా అనుకున్నాను." బల్ల మీద ఒక కుర్రవాడి ఫొటో ఉంది. ఇందుమతి దాన్ని వేలితో తన వైపు తిప్పుకుంది. "మా తమ్ముడు. ఈతకెళ్ళి మునిగిపోయాడు. ఇరవై ఏళ్ళు వాడి పేరు పలకలేకపోయాను. మొట్టమొదట పట్టీ కట్టుకుంది నేనే. ఇప్పుడు వాడి గురించి ఏం అడిగినా చెప్తాను, వాడికిష్టమైన కూర దగ్గర్నుంచి. ఈ ఫొటో ఇక్కడెందుకు పెట్టుకున్నానో మాత్రం అర్థం కావడం లేదు. తీసేద్దామంటే చెయ్యి రావడం లేదు, ఉంచితే ఏమీ అనిపించడం లేదు."



"వెనక్కి తేలేమా?" అంది హేమలత.

"పట్టీని తిరగేసి నడిపించొచ్చు. వదిలించే బదులు బిగించేటట్టు. మళ్ళీ అంతా చెప్పించాలి, ప్రతి మాటకూ గొంతు నొక్కుకుపోతుంటే. ఎవరి మీదా చేసి చూడలేదు. ఒకవేళ వస్తే అంతా వస్తుంది. నీ వరకు ఏరుకోవడం కుదరదు."

"ఆ పిల్లోడి బెంగ కూడానా?"

"అది లేకుండా ఇది రాదు."

కొన్నాళ్ళ కిందట అయితే హేమలత ఆ మాటకు వెనకాడేదే. ఇప్పుడు, "రానీయండి" అంది. "వాడూ రానీ. మా అమ్మ ఒప్పుకుంటే చాలు."

"అడిగి చెయ్యి. ఈసారి ఏదీ దాచకుండా అడుగు."

హేమలత పోయేసరికి రెడ్డెమ్మ వీధి తలుపుకు నీలం రంగు వేస్తోంది. కువైట్ నుంచి వచ్చినప్పటి నుంచీ పెచ్చులూడుతున్న తలుపు అది. మోచేతుల దాకా రంగు పూసుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తోంది. హేమలత అరుగు మీద కూర్చుని మొదటి నుంచీ చెప్పింది. పట్టీ ఏం చేస్తుందో, తననెందుకు ఆపమన్నారో, తనెందుకు ఆపలేదో, ఏం పోయిందో. రెడ్డెమ్మ వింటూనే రంగు వేసింది.

"నాకూ తెల్సులే" అంది చివరికి. "ఏదో పోయిందని తెల్సు. నువ్వు జొరమని ఫోన్ జేసినావే, పెట్టేసినాక అనుకున్న్యా, ఇదివరకైతే ఈపాటికి నేను బస్సెక్కుండేదాన్ని గదా అని. ఎక్కల్లని అనిపించలా."

"మళ్ళీ తెప్పించుకుందామా మా? దారుందంట."

"ఎందుకు?"

"నాకోసం."

రెడ్డెమ్మ కుంచె డబ్బా మీద పెట్టి వచ్చి పక్కన కూర్చుంది. రంగు అంటుతుందని చేతులు దూరంగా పట్టుకుంది.

"ఆడ ఉన్నన్నాళ్ళూ నీకోసం ఏడిస్తిని. ఈడికొచ్చి వానికోసం ఏడిస్తిని. నీ ముందర ఏడిస్తే నీకు కష్టమని దొడ్లోకి పోయి ఏడిస్తిని. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగేది గాదు. ఇప్పుడు తింటాండా. పండుకుంటాండా. పక్కింటోళ్ళతో నాలుగు మాటలు మాట్లాడతాండా. మళ్ళా ఆ మోపు నెత్తినెత్తుకోమంటావా?"

హేమలత అరుగు మీద పడిన రంగు చుక్కను గోటితో గీకింది.

"నావల్ల గాదు పాపా. నీమింద కోపమొచ్చి గాదు. కడుపులో ఏమీ లాగడం లేదు, అంతే. నువ్వు నా బిడ్డవని నాకు తెల్సు. నీకేం కావాలన్న్యా చేస్తా. అదొక్కటి అడగొద్దు."

హేమలత కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే రెడ్డెమ్మ చూసింది. ఒకప్పుడైతే తనూ ఏడ్చేది. ఇప్పుడు కొంచెం ఆలోచించి, రంగు అంటని మణికట్టుతో కూతురి చెంపలు తుడిచింది. తుడవాలని తెలిసి తుడిచింది. "లేయ్, బువ్వ తిందువు" అంది.

అన్నం తిని వెళ్ళబోతూ హేమలత గుమ్మంలో ఆగింది. "మా, ఆ డ్రైవరు మస్తాను ఇంకా ఆ ఇంట్లోనే పనిచేస్తాండాడా?"

"ఆడే ఉండాడు. నంబరు నా ఫోన్లో ఉండాది, రాసుకో." ఏళ్ళ తరబడి బద్రి పేరు ఆమె నోటికి రాలేదు. ఇప్పుడు కూరగాయల బండివాడి పేరు చెప్పినట్టు చెప్పేసింది. "ఎందుకు, బద్రితో మాట్లాడతావా? మాట్లాడు. మంచి పిల్లోడు."

హేమలత పట్టీ ఇందుమతికి తిరిగి ఇచ్చేసింది. అమ్మ చెప్పిన భాగం డాక్యుమెంటరీలో పెట్టలేదు. మాస్టారు ఎంత బతిమాలినా పెట్టలేదు. రోజూ సాయంత్రం ఇప్పుడు తనే ఫోన్ చేస్తుంది. రెడ్డెమ్మ ఓపిగ్గా మాట్లాడుతుంది, అడిగినవాటికి జవాబు చెబుతుంది, తనంతట తాను ఏదీ అడగదు.

మస్తాన్‌కు మెసేజీ పెట్టిన వారానికి, సెలవురోజు సాయంత్రం, హాస్టల్ మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే వీడియో కాల్ వచ్చింది. తెరమీద నూనూగు మీసాల కుర్రవాడు. కారు వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. ఏం మాట్లాడించాలో హేమలత ముందే అనుకుని పెట్టుకుంది. స్కూలు అడగాలి, ఆటలు అడగాలి, జంకు పోయాక మెల్లగా అమ్మ మాట తేవాలి. ఒక్కటీ అడగనక్కర లేకపోయింది.

"హేమక్కా?" అన్నాడు వాడు.

ఆమెను అక్కా అని పిలిచిన తోడబుట్టినవాళ్ళు ఎవరూ లేరు. చేతిలో బట్టలు అట్లాగే పట్టుకుని పిట్టగోడ మీద కూర్చుంది.

"నీకు తెలుగు వస్తుందా?"

"రోంత రోంత." ఆ రోంత కూడా అచ్చం రాయచోటి యాసలోనే. రాని చోట ఇంగ్లీషులోకి దూకి మళ్ళీ వెనక్కి వస్తున్నాడు. "నువ్వు నాకు బాగా తెలుసు. రోజూ పండుకునేటప్పుడు నీ కథే. నీకు చెవులు కుట్టినప్పుడు ఆచారి చెయ్యి కొరికినావు. జేజి చీర చుట్టుకొని బడికి పోయినావు. దారిలో ఊడిపోయింది." వాడు నవ్వి, వెంటనే ఆపేశాడు. "నాకు నువ్వంటే కోపం. నన్ను ఎత్తుకోని నీ మాటే చెప్పేది. నా మాట చెప్పదు. నేను ఏడ్చినా 'మా హేమ గూడా ఇట్లే ఏడుస్తాంటాదేమో' అనేది."

"నాకూ నువ్వంటే కోపం ఉండేది" అంది హేమలత. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అమ్మ దగ్గర ఇప్పుడు లేనిదంతా ఈ పిల్లవాడి దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. "ఇంకా ఏం చెప్పేది? చెప్పు, అంతా చెప్పు."

వాడు చెప్పాడు. ఆమెకే గుర్తులేని చిన్నప్పటి సంగతులు, ఎక్కడో ఎడారి దేశంలో ఒక చంటివాడి చెవిలో పడినవి, ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కింద మెస్సు గంట కొట్టారు, ఆమె లేవలేదు. ముందు సీట్లో మస్తాన్ రెండుసార్లు దగ్గాడు. ఇంట్లో పిలుస్తున్నారు కాబోలు.

వాడు తెరకు దగ్గరగా జరిగాడు. మాట తగ్గించి అడిగాడు.

"అక్కా, అమ్మ నా గురించి అడుగుతాందా?"

హేమలత వాడి మొహం వైపు చూసింది. పదిహేనేళ్ళు కూడా లేవు. ఎదురు చూసీ చూసీ అలవాటైపోయిన కళ్ళు. నిజమేదో ఆమెకు తెలుసు.

"అడుగుతాంది" అంది. "రోజూ అడుగుతాంది."

"ఏమని?"

ఆమె బట్టలు పక్కన పెట్టి, ఫోను రెండు చేతులతో పట్టుకుని, అమ్మ మాట్లాడినట్టే చెప్పడం మొదలుపెట్టింది.